మార్చుకునే బ్యాటరీ పుట్టుపూర్వోత్తరాలు

ఫోన్‌కి కొత్త బ్యాటరీ వేయించుకుంటే దుకాణాల్లో ఇప్పటికీ ఒక మాట చెప్తారు: "మొదటిసారి ఎనిమిది గంటలు చార్జింగ్ పెట్టండి. మొత్తం దిగిపోయాకే మళ్లీ పెట్టండి." చెప్పేవాళ్లు మన మేలు కోరే చెప్తారు. పని నేర్పిన వాళ్ల దగ్గర విన్నదే మనకి అప్పజెప్తారు. కానీ ఆ నియమం ఇప్పుడు మన ఫోన్‌లో ఉన్న బ్యాటరీకి పుట్టింది కాదు. ఫోన్లలోంచి ఎప్పుడో వెళ్లిపోయిన మరో జాతి బ్యాటరీది. బ్యాటరీ జాతి మారింది, దాన్ని చూసుకునే పద్ధతి మాత్రం పాతదే మిగిలిపోయింది. ఫోన్ బ్యాటరీ ఎక్కణ్నుంచి వచ్చిందో తెలిస్తే, దాన్ని ఎలా మార్చాలో, మార్చాక ఎలా కాపాడుకోవాలో చాలావరకు దానంతటదే అర్థమవుతుంది.

ఆ పాత జాతి పేరు నికెల్-కాడ్మియం. స్వీడన్‌కి చెందిన వాల్డెమార్ యుంగ్నర్ 1899లో దాన్ని తయారుచేశాడు. 1973 ఏప్రిల్ 3న న్యూయార్క్ వీధిలో నిలబడి మోటరోలా ఇంజినీరు మార్టిన్ కూపర్ తొలి చేతిఫోన్ కాల్ చేశాడు. పదేళ్ల తర్వాత, 1983లో, అదే సంస్థ డైనాటాక్ 8000ఎక్స్ ఫోన్‌కి అమెరికాలో అనుమతి తెచ్చుకుంది. ధర 3,995 డాలర్లు. అందులోని నికెల్-కాడ్మియం బ్యాటరీ పది గంటలు చార్జ్ చేస్తే అరగంట మాట్లాడనిచ్చేది. ఈ జాతి బ్యాటరీని ప్రతిసారీ సగం దాకా వాడి చార్జింగ్ పెడుతూ ఉంటే, కొన్నాళ్లకి ఆ సగం దగ్గరే చతికిలపడేది. ఈ జబ్బుని ఉపగ్రహాల్లో వాడిన బ్యాటరీల్లో ముందుగా గమనించారు. అందుకే "పూర్తిగా దించి, గంటల తరబడి ఎక్కించండి" అన్న సలహా పుట్టింది. అప్పటికి అది సరైన సలహానే. తర్వాత నికెల్-మెటల్ హైడ్రైడ్ వచ్చింది. 2000లో వచ్చిన నోకియా 3310 దానితోనే అమ్ముడుపోయింది. దీనికి ఆ జబ్బు తగ్గింది కానీ, సలహా అలాగే ఉండిపోయింది.

అప్పటికే మూడో జాతి వేరే చోట పెరుగుతోంది. 1970లలో చమురు ధరలు మండిపోతుంటే ఎక్సాన్ అనే చమురు సంస్థే బ్యాటరీల పరిశోధనకి డబ్బు పెట్టింది. అక్కడ స్టాన్లీ విట్టింగ్‌హామ్ టైటానియం డైసల్ఫైడ్ పొరల మధ్యలోకి లిథియం అయాన్లు వెళ్లి, మళ్లీ బయటికి వచ్చేలా చేశాడు. రెండో ధ్రువంగా అచ్చమైన లిథియం లోహం వాడాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. చార్జ్ చేసిన ప్రతిసారీ లిథియం సూదుల్లా పెరిగి, రెండు ధ్రువాల మధ్య ఉన్న పొరని చీల్చుకుని అవతలికి చేరేది. షార్టయ్యి మంటలు వచ్చేవి. కెనడాకి చెందిన మోలీ ఎనర్జీ ఇదే పద్ధతిలో బ్యాటరీలు చేసి జపాన్ ఫోన్లకి అమ్మింది. 1989లో అవి అంటుకున్నాయి, ఫోన్లు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. చేతిఫోన్ బ్యాటరీ మంటల కథ ఈనాటిది కాదు.

దారి చూపింది ఆక్స్‌ఫర్డ్. 1980లో జాన్ గుడినఫ్, తన సహచరుడు కోయిచి మిజుషిమా వంటివారితో కలిసి, లిథియం కోబాల్ట్ ఆక్సైడ్‌ని ధనధ్రువంగా వాడితే నాలుగు వోల్టుల దాకా తీయొచ్చని చూపించాడు. దాన్నే పట్టుకుని జపాన్‌లో అకిరా యోషినో 1985లో రెండో ధ్రువంలో లిథియం లోహాన్ని పూర్తిగా తీసేసి, ఆ చోట కార్బన్ పెట్టాడు. అయాన్లు ఇటు కోబాల్ట్ పొరల్లో, అటు కార్బన్ పొరల్లో తలదాచుకుంటాయి. లోహం అంటూ ఎక్కడా పోగుపడదు. తయారైన బ్యాటరీ మీద ఇనుప దిమ్మ పడేసి, అంటుకోదని నిర్ధారించుకున్నాకే యోషినోకి నమ్మకం కుదిరింది. 1991లో సోనీ ఈ లిథియం-అయాన్ బ్యాటరీని బజారులోకి తెచ్చింది. 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి విట్టింగ్‌హామ్, గుడినఫ్, యోషినోలకి కలిపి ఇచ్చారు. గుడినఫ్ వయసు అప్పటికి 97. అంత వయసులో నోబెల్ అందుకున్నవాళ్లు ఇంకెవరూ లేరు.

తెలుగు ఊళ్లకి ఈ బ్యాటరీ వచ్చింది ప్రధానంగా నోకియా 1100తో. 2003లో వచ్చిన ఆ ఫోన్‌కి నెత్తి మీద టార్చి ఉండేది. దాని వెనక మూత తీస్తే బీఎల్-5సి అనే పలకలాంటి బ్యాటరీ చేతిలోకి వచ్చేది. మూత తీయడం, బ్యాటరీ మార్చడం పిల్లలకి కూడా వచ్చిన పని. దిగిపోయిన బ్యాటరీని క్లిప్పు చార్జర్‌లో పెట్టి, రెండోది ఫోన్‌లో వేసుకుని కల్లానికో సంతకో వెళ్లినవాళ్లు ఎందరో. ఇంట్లో రెండు మూడు ఫోన్లు ఉంటే బ్యాటరీ ఒకరిది ఒకరు మార్చుకునేవారు. ఎఫ్ఎం రేడియోలు, పాటలు పెట్టుకునే చిన్న స్పీకర్లు కూడా ఈ కొలతకే తయారయ్యాయి. ఒక కంపెనీ విడిభాగం ఊరుమ్మడి సామానుగా మారిపోయింది.

2007 ఆగస్టులో నోకియా ఒక హెచ్చరిక ఇచ్చింది. 2005 డిసెంబరు నుంచి 2006 నవంబరు మధ్య మత్సుషిత సంస్థ చేసిన 4 కోట్ల 60 లక్షల బీఎల్-5సి బ్యాటరీలు చార్జింగ్‌లో వేడెక్కవచ్చని చెప్పింది. మన దేశంలో కూడా జనం గాభరాగా మూతలు తీసి నంబర్లు సరిచూసుకున్నారు. ఆ వరసలో పడ్డవాళ్లకి కంపెనీ ఉచితంగా వేరే బ్యాటరీ ఇస్తానంది. ఫోన్ ఎవరి దగ్గరున్నది వాళ్ల దగ్గరే ఉంది.

తొమ్మిదేళ్ల తర్వాతి కథ చూడండి. 2016 ఆగస్టులో సామ్‌సంగ్ గెలాక్సీ నోట్ 7 విడుదల చేసింది. బ్యాటరీలు అంటుకోవడంతో ఫోన్లు వెనక్కి తీసుకుని, మరో సంస్థ చేసిన బ్యాటరీలున్న ఫోన్లు ఇచ్చింది. అవీ అంటుకున్నాయి. అక్టోబరుకల్లా ఆ మోడల్‌నే ఆపేశారు. మన పౌర విమానయాన డైరెక్టరేట్ (డీజీసీఏ) విమానాల్లో దాన్ని ఆన్ చేయవద్దని ఆదేశించింది. 2017 జనవరిలో కారణం బయటపెట్టారు. మొదటి సంస్థ బ్యాటరీలో ఒక మూల ధ్రువపు రేకు వంగింది, రెండో సంస్థ బ్యాటరీలో వెల్డింగ్ దగ్గర మిగిలిన మొనలు పొరని గుచ్చాయి. తప్పంతా బ్యాటరీదే. అయినా బలైంది మాత్రం దాని చుట్టూ ఉన్న మంచి ఫోన్లు, లక్షల సంఖ్యలో. బ్యాటరీ చేత్తో తీసేలా ఉంటే 2007 లాగా బ్యాటరీ ఒక్కటే మార్చి సరిపెట్టడానికి కనీసం ఒక దారి ఉండేది.

ఈ తొమ్మిదేళ్లలోనే మూతకి జిగురు పడింది. 2007లో వచ్చిన మొదటి ఐఫోన్ బ్యాటరీని వాడేవాళ్లు తీయలేకుండా చేసింది. గట్టి డొక్కు లేని, రేకు సంచిలాంటి పలచటి బ్యాటరీలు వచ్చాయి. వాటితో ఫోన్ సన్నబడింది, లోపల చోటు కలిసొచ్చింది. 2015లో గెలాక్సీ ఎస్6 కూడా ఆ దారి పట్టాక మిగిలినవాళ్లు ఆగలేదు. నీళ్లు దూరకుండా ఉండాలంటే మూసేయక తప్పదని చెప్పారు. అంతకుముందు ఏడాదే వచ్చిన ఎస్5కి మూత ఊడొచ్చేది, నీటిని తట్టుకునే ఐపీ67 గుర్తింపూ ఉండేది. కాబట్టి ఆ వాదన పూర్తిగా నిలబడదు. వాడే కొద్దీ తప్పకుండా అరిగిపోయే భాగాన్ని అన్నిటికంటే అందకుండా పెట్టడం తప్పు నిర్ణయమనే నా అభిప్రాయం.

దాని ఫలితం 2017 డిసెంబరులో తేలింది. పాత ఐఫోన్లు నెమ్మదించడానికి బ్యాటరీ వయసుతో సంబంధం ఉందని బయటపడింది. బ్యాటరీ ముసలిదైతే లోపలి నిరోధం పెరుగుతుంది. ఒక్కసారిగా ఎక్కువ విద్యుత్తు లాగితే వోల్టేజి పడిపోయి ఫోన్ ఆగిపోతుంది. అలా ఆగకుండా ఆపిల్ ఫోన్ వేగాన్నే తగ్గించింది, ఆ సంగతి వాడేవాళ్లకి సరిగా చెప్పలేదు. చివరికి క్షమాపణ చెప్పి, బ్యాటరీ మార్పిడి ధరని 79 డాలర్ల నుంచి 29కి దించింది. 2019 జనవరిలో మదుపుదారులకి రాసిన లేఖలో ఆపిల్ సీఈఓ టిమ్ కుక్, కొత్త ఐఫోన్లు అనుకున్నంతగా అమ్ముడుపోకపోవడానికి ఈ చౌక బ్యాటరీ మార్పిడి కూడా ఒక కారణమని చెప్పాడు. బ్యాటరీ మారిస్తే పాత ఫోన్ మళ్లీ పనికొస్తుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మార్చేటప్పుడు "ఇంకాస్త పెద్దది వేయండి" అని అడగాలనిపిస్తుంది. మూత ఊడే రోజుల్లో అది నిజంగా కుదిరేది. రెట్టింపు కెపాసిటీ బ్యాటరీ, దానికి తగ్గట్టు ఉబ్బెత్తు మూత కలిపి అమ్మేవారు. ఇప్పుడు లోపల చోటు మిల్లీమీటర్లలో కొలిచి పెట్టింది. అదే కొలతలో, అదే బరువులో 3,000 చోట 5,000 ఎంఏహెచ్ అని రాసిన కాపీ బ్యాటరీ కనిపిస్తే, అది లేబుల్ మీద అచ్చు వేసిన అంకె మాత్రమే. ఎక్కువ నిజంగా పట్టాలంటే లోపలి పదార్థమే మారాలి. 2023లో హానర్ మొదలుపెట్టిన సిలికాన్-కార్బన్ బ్యాటరీల్లో జరిగింది అదే. గ్రాము గ్రాఫైట్ సిద్ధాంతం ప్రకారం 372 ఎంఏహెచ్ దాచుకుంటే, సిలికాన్ దానికి తొమ్మిది రెట్లకి పైగా దాచగలదు. కాకపోతే చార్జింగ్‌లో బాగా ఉబ్బుతుంది కాబట్టి కార్బన్‌లో కలిపి కొద్దిగానే వాడతారు. నేటి ఫోన్లు 7,000 ఎంఏహెచ్ దాటడానికి కారణం ఇదే. అలాంటి బ్యాటరీని పాత ఫోన్‌లో వేయలేం.

అంకె కంటే వోల్టేజి ముఖ్యం, దీన్ని చాలామంది చూడరు. చాలాకాలం లిథియం-అయాన్ బ్యాటరీలు 4.2 వోల్టుల దగ్గర నిండేవి. తర్వాతి తరాలవి 4.35, 4.4, అంతకంటే పైకి వెళ్లాయి. ఫోన్ తన బ్యాటరీకి తగిన వోల్టేజి దాకా ఎక్కిస్తుంది. 4.4 దాకా ఎక్కించే ఫోన్‌లో 4.2కి చేసిన చవక సెల్లు పెడితే ప్రతి చార్జింగూ దాన్ని హద్దు దాటిస్తుంది. ఉబ్బుతుంది, ఇంకా ఘోరం కూడా జరగొచ్చు. అందుకే హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌లో అయినా, మీ ఊరి బస్టాండు పక్క దుకాణంలో అయినా పాత బ్యాటరీ మీద రాసిన వోల్టులతో కొత్తదాని వోల్టులు కలిశాయో లేదో చూసుకోండి. భారతీయ ప్రమాణం ఐఎస్ 16046 గుర్తు, తయారీ తేదీ కూడా చూడండి. లిథియం బ్యాటరీ పెట్టెలో ఉన్నా వయసు మీద పడుతూనే ఉంటుంది. మూడేళ్ల కిందటి "ఒరిజినల్" కంటే మొన్న తయారైన నాణ్యమైనది మేలు.

ఇక ఎనిమిది గంటల సలహా. లిథియం బ్యాటరీకి అది అక్కర్లేదు. నిండగానే ఫోనే ఆపేస్తుంది. అడుగంటా దించడం మేలు కాదు, కీడు. సున్నా దగ్గరే నెలల తరబడి పడేస్తే లోపలి రాగి రేకు కరగడం మొదలై ఇక లేవకపోవచ్చు. అయితే మార్చిన కొత్తలో ఒక్కసారి నిండా ఎక్కించి, బాగా దిగేదాకా వాడి, మళ్లీ నింపడం వల్ల ఒక లాభం ఉంది. ఫోన్‌లో శాతాన్ని లెక్కగట్టే మీటరుకి కొత్త బ్యాటరీ కొలత తెలుస్తుంది. నలభై శాతం చూపిస్తూ ఉన్నట్టుండి ఆగిపోయే ఇబ్బంది తగ్గుతుంది. అది మీటరు కోసం చేసేది. బ్యాటరీకి కావాల్సింది ఇరవై, ఎనభై శాతాల మధ్య తిరగడం. కొత్త ఫోన్లు చాలావాటిలో ఎనభై దగ్గర ఆపే సెట్టింగు ఉంటోంది, వెతికి పెట్టుకోండి.

అన్నిటికంటే పెద్ద శత్రువు ఎండ. రామగుండంలో, రెంటచింతలలో వేసవి 45 డిగ్రీలు దాటుతుంది. ఫోన్ కంపెనీలు సాధారణంగా 35 డిగ్రీల లోపు వాడమంటాయి. నిండా చార్జ్ అయిన బ్యాటరీ వేడిలో ఉంటే, సగం నిండినదాని కంటే చాలా వేగంగా అరుగుతుంది. కారు డ్యాష్‌బోర్డు మీద, స్కూటర్ డిక్కీలో వదలకండి. చార్జింగ్ పెట్టి ఆటలాడకండి. దిండు కింద అసలే వద్దు. వెనక మూత లేచినా, తెర అంచు ఎత్తుకున్నా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. నొక్కకండి, గుచ్చకండి, చార్జింగ్ పెట్టకండి, ఆ రోజే మార్పించండి.

మన ఫోన్ బ్యాటరీల్లోని సెల్లుల్లో అత్యధికం ఇప్పటికీ చైనా నుంచే వస్తున్నాయి. 2022 సెప్టెంబరులో తిరుపతిలో మునోత్ ఇండస్ట్రీస్ లిథియం సెల్లుల కర్మాగారం ఉత్పత్తికి ముందు దశ మొదలుపెట్టింది. 2023 మేలో మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో అమరరాజా కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. మన నేల మీద సెల్లు తయారైతే, తాజాది దొరక్క కాపీలకి పోయే అవసరం తగ్గుతుందని ఆశ.

జిగురు కూడా వదులుతోంది. నెదర్లాండ్స్ సంస్థ ఫెయిర్‌ఫోన్ వాడేవాళ్లే తీసి మార్చుకోగల బ్యాటరీతోనే ఫోన్లు చేస్తూ వచ్చింది. 2024లో ఐఫోన్ 16లో ఆపిల్ కొత్త జిగురు వాడింది. దానికి 9 వోల్టుల విద్యుత్తు నిమిషంన్నర పాటు తగిలిస్తే పట్టు వదిలేస్తుంది. ఐరోపాలో 2025 జూన్ 20 నుంచి అమ్మే ఫోన్ల బ్యాటరీ 800 చార్జింగ్‌ల తర్వాత కూడా 80 శాతం నిలవాలి. 2027 ఫిబ్రవరి 18 నుంచి, కొన్ని మినహాయింపులతో, బ్యాటరీని వాడేవాళ్లే తీసి మార్చుకునేలా ఉండాలి. మన దగ్గర 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు పాతవి సేకరించే బాధ్యతని తయారీదారుల మీద పెట్టాయి. కాబట్టి పాతది చెత్తబుట్టలో వేయకుండా సేకరణ కేంద్రానికో, మార్చిన దుకాణానికో ఇవ్వండి. మార్చుకునే హక్కుకీ అంతే స్పష్టమైన నియమం ఇక్కడ రావాలి. అది వచ్చేదాకా, కొత్త ఫోన్ కొనేముందు కెమెరా గురించి అడిగినట్టే రెండు ప్రశ్నలు అడగండి: దీని బ్యాటరీ ఎన్నేళ్ల దాకా దొరుకుతుంది? మార్చడానికి ఎంత తీసుకుంటారు?