సాంకేతిక విద్యా సంఘంలో సంస్థాగత సభ్యత్వం – గ్రామీణ ప్రాంత కళాశాలలకు ప్రయోజనాలు, పరిమితులు
(ప్రత్యేక వ్యాసం)

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలోని ఝరాసంగం పేరు వినగానే శ్రీ కేతకీ సంగమేశ్వర స్వామి ఆలయం గుర్తుకు వస్తుంది. చెరకు, అల్లం, ఆలుగడ్డ, చిరుధాన్యాల సేద్యానికి పేరొందిన ఈ ప్రాంతం ఇప్పుడు పారిశ్రామిక పటంలోనూ స్థానం సంపాదించుకొంటున్నది. దేశంలో 12 పారిశ్రామిక స్మార్ట్ నగరాల నిర్మాణానికి కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టు 28న ఆమోదం తెలిపింది. వాటిలో ఆంధ్రప్రదేశ్‌లోని ఓర్వకల్లు, కొప్పర్తిలతో పాటు తెలంగాణలోని జహీరాబాద్ కూడా ఉన్నది. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల పరిధిలో 3,245 ఎకరాలలో, రూ. 2,361 కోట్ల అంచనా వ్యయంతో ఈ ప్రాజెక్టును ప్రతిపాదించారు. దీనివల్ల సుమారు 1.74 లక్షల మందికి ఉపాధి లభించగలదని అంచనా వేయడం జరిగింది.

పరిశ్రమలు వచ్చినంత మాత్రాన ఉద్యోగాలు స్థానికులకు వాటంతట అవే దక్కవు. భూములిచ్చిన గ్రామాల యువతీ యువకులు కర్మాగారంలో ఇంజనీర్లుగా, సూపర్‌వైజర్లుగా అడుగుపెడతారా, లేక గేటు వద్ద కాపలాకే పరిమితమవుతారా అన్నది వారికి లభించే సాంకేతిక విద్యపై ఆధారపడి ఉంటుంది. ఆ విద్య నాణ్యత అధ్యాపకునిపై ఆధారపడి ఉంటుంది. అధ్యాపకుల వృత్తి నైపుణ్యాన్ని పెంపొందించే ఉద్దేశ్యంతో ఏర్పడిన జాతీయ స్థాయి సంఘం, అందులో కళాశాలలు పొందే సంస్థాగత సభ్యత్వం గురించి విద్యార్థులు, తల్లిదండ్రులు, యాజమాన్యాలు తెలుసుకోవలసిన విషయాలను ఈ వ్యాసంలో పొందుపరచడమైనది.

సంఘం పుట్టుపూర్వోత్తరాలు

స్వాతంత్ర్యానికి పూర్వం దేశంలో ఇంజనీరింగ్ కళాశాలలు వేళ్ళమీద లెక్కించదగినన్ని మాత్రమే ఉండేవి. గిండీ, రూర్కీ, పూనా, శిబ్‌పూర్ కళాశాలలు వాటిలో ప్రధానమైనవి. నిజాం రాష్ట్రంలో ఉస్మానియా విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ కళాశాల 1929లో ప్రారంభమైంది. సాంకేతిక విద్యాసంస్థల ప్రిన్సిపాళ్ళు కలిసి 1941లో ఒక సంఘాన్ని ఏర్పాటు చేసుకొన్నారు. అసోసియేషన్ ఆఫ్ ప్రిన్సిపల్స్ ఆఫ్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూషన్స్ అన్నది దాని పేరు.

ప్రిన్సిపాళ్ళ సంఘంగా మొదలైన ఈ సంస్థ 1968లో ఇండియన్ సొసైటీ ఫర్ టెక్నికల్ ఎడ్యుకేషన్‌గా, సంక్షిప్తంగా ఐ.ఎస్.టి.ఇ.గా రూపాంతరం చెందింది. అధిపతులకే పరిమితమైన వేదిక తలుపులు బోధనా సిబ్బంది అందరికీ తెరుచుకోవడం ఈ మార్పులోని సారాంశం. డిగ్రీ స్థాయి ఇంజనీరింగ్ కళాశాలలతో పాటు డిప్లొమా స్థాయి పాలిటెక్నిక్‌లు కూడా ఇందులో చేరవచ్చును. సొసైటీ కేంద్ర కార్యాలయం న్యూఢిల్లీలో ఉన్నది.

ఈ సందర్భంలో ఒక స్పష్టత అవసరం. అమెరికా కేంద్రంగా ఇవే అక్షరాలతో మరొక అంతర్జాతీయ సంస్థ పనిచేస్తున్నది. బోధనలో, ముఖ్యంగా పాఠశాల విద్యలో, కంప్యూటర్ తదితర సాధనాల వినియోగం దాని కార్యక్షేత్రం. రెండింటికీ సంబంధం లేదు. కళాశాలల కరపత్రాలలో ఐ.ఎస్.టి.ఇ. అని కనిపించినపుడు అది సాధారణంగా మన దేశపు సొసైటీని ఉద్దేశించినదని గ్రహించాలి.

ఇతర దేశాలలోనూ ఇటువంటి సంఘాలు ఉన్నాయి. అమెరికాలో 1893లో షికాగో నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శన సందర్భంగా ఇంజనీరింగ్ విద్యాభివృద్ధి సంఘం ఆవిర్భవించింది. అదే 1946లో అమెరికన్ సొసైటీ ఫర్ ఇంజనీరింగ్ ఎడ్యుకేషన్‌గా పేరు మార్చుకొన్నది. ఐరోపా దేశాల సంఘం 1973లో ఏర్పడింది. ఈ రెండింటిలోనూ వ్యక్తులతో పాటు విద్యాసంస్థలు కూడా సభ్యత్వం పొందుతాయి.

సభ్యత్వంలో రకాలు

ఐ.ఎస్.టి.ఇ. సభ్యత్వం స్థూలంగా మూడు విధాలు. మొదటిది అధ్యాపకులు వ్యక్తిగతంగా పొందే జీవిత సభ్యత్వం. అధ్యాపకుడు ఒక కళాశాల నుండి మరొక కళాశాలకు మారినా ఈ సభ్యత్వం ఆయన వెంటే ఉంటుంది. రెండవది విద్యార్థి సభ్యత్వం. ఇది చదువుకొనే కాలానికి వర్తిస్తుంది. మూడవది కళాశాల తన పేరిట పొందే సంస్థాగత సభ్యత్వం. సిబ్బంది మారినా, ప్రిన్సిపాల్ పదవీ విరమణ చేసినా ఇది సంస్థకే చెంది ఉంటుంది.

కళాశాలలో అధ్యాపకుల చాప్టర్, విద్యార్థుల చాప్టర్ నెలకొల్పడానికి సంస్థాగత సభ్యత్వం పునాది వంటిది. కళాశాల తరఫున దరఖాస్తును నిర్ణీత రుసుముతో కేంద్ర కార్యాలయానికి పంపవలసి ఉంటుంది. రుసుములను, నిబంధనలను సొసైటీ ఎప్పటికప్పుడు సవరిస్తుంటుంది కనుక దరఖాస్తుకు ముందు తాజా వివరాలను కేంద్ర కార్యాలయం నుండే తెలుసుకోవడం మేలు.

కళాశాలకు ఒనగూడే ప్రయోజనాలు

సభ్య కళాశాల సొసైటీ ఆధ్వర్యంలో స్వల్పకాలిక శిక్షణా కార్యక్రమాలను నిర్వహించవచ్చు. తన అధ్యాపకులను ఇతర కళాశాలల్లో జరిగే శిక్షణకు పంపవచ్చు. సొసైటీ వెలువరించే ఇండియన్ జర్నల్ ఆఫ్ టెక్నికల్ ఎడ్యుకేషన్ పత్రికలో బోధనా పద్ధతులపై, పరిశోధనలపై వ్యాసాలు ప్రచురితమవుతాయి. అధ్యాపకులకు, విద్యార్థులకు జాతీయ స్థాయి సదస్సులు జరుగుతుంటాయి. ఉత్తమ సేవలందించిన అధ్యాపకులకు పురస్కారాలు కూడా ఉన్నాయి.

నగరానికి దూరంగా ఉన్న కళాశాలలకు ఈ సౌకర్యాలు మరింత అవసరం. హైదరాబాద్‌లోని అధ్యాపకుడు సాయంత్రం ఒక ఉపన్యాసానికి వెళ్ళి రాత్రికి ఇల్లు చేరుకోగలడు. సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని జహీరాబాద్ అధ్యాపకునికి అదే పని ఒక రోజు సెలవుతో, బస్సు ఛార్జీలతో ముడిపడి ఉంటుంది. దూరమనే ఈ ఆటంకాన్ని అధిగమించవచ్చునని ఐ.ఐ.టి. బొంబాయి నిరూపించింది. కేంద్ర ప్రభుత్వ జాతీయ విద్యా మిషన్ క్రింద ఆ సంస్థ ఐ.ఎస్.టి.ఇ. వర్క్‌షాపుల పేరిట అధ్యాపక శిక్షణను చేపట్టింది. ముంబైలో ఆచార్యుడు చెప్పే పాఠం ప్రత్యక్ష ప్రసారం ద్వారా దేశమంతటా ఎంపిక చేసిన కళాశాలల్లోని కేంద్రాలకు చేరేది. సమీప కేంద్రానికి హాజరైన అధ్యాపకులు పాఠం వినడమేగాక, ప్రశ్నలు అడిగి, అక్కడే ప్రయోగాలు చేసేవారు. ఐ.ఐ.టి. ఖరగ్‌పూర్ భాగస్వామ్యంతో ఒక్కో విడతలో 10 వేల మంది అధ్యాపకులకు శిక్షణ ఇవ్వాలన్న లక్ష్యంతో 2010వ దశకంలో ఈ కార్యక్రమం విస్తరించింది.

సంగారెడ్డి జిల్లాకు మరొక అనుకూలత ఉన్నది. 2008లో ప్రారంభమైన ఐ.ఐ.టి. హైదరాబాద్ ఇదే జిల్లాలోని కందిలో, జహీరాబాద్ మీదుగా వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారి ప్రక్కనే నెలకొని ఉన్నది. సుల్తాన్‌పూర్‌లో జె.ఎన్.టి.యు. హైదరాబాద్ ఇంజనీరింగ్ కళాశాల ఉన్నది. జహీరాబాద్‌లో ట్రాక్టర్ల కర్మాగారం పనిచేస్తున్నది. అధ్యాపకుల చాప్టర్ చురుకుగా ఉన్న కళాశాల ఇటువంటి సంస్థల నిపుణులను ఆహ్వానించడానికి ఒక పద్ధతి ప్రకారమైన మార్గం ఏర్పడుతుంది.

సభ్యత్వం ఏది కాదు?

సంస్థాగత సభ్యత్వం గురించి తల్లిదండ్రులలో ఒక అపోహ ఉండడానికి అవకాశమున్నది. కళాశాల ప్రవేశద్వారం వద్ద వరుసగా కనిపించే పేర్లన్నీ ఒకే విధమైన గుర్తింపులు కావు. వాటి మధ్య తేడాలు ఈ విధంగా ఉన్నాయి.

అనుమతి: అఖిల భారత సాంకేతిక విద్యా మండలి ఇచ్చేది. 1945లో సలహా సంస్థగా ఏర్పడిన ఈ మండలికి 1987 నాటి చట్టంతో చట్టబద్ధత కలిగింది.

అనుబంధం: ఇంజనీరింగ్ కళాశాలకు విశ్వవిద్యాలయం, పాలిటెక్నిక్‌కు రాష్ట్ర సాంకేతిక విద్యా శిక్షణ మండలి ఇచ్చేది. పరీక్షలు, పట్టాలు దీనికి సంబంధించినవి.

అక్రెడిటేషన్: నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్ ఒక్కొక్క కోర్సు నాణ్యతను పరిశీలించి ఇచ్చేది. 1994లో ఏర్పడిన ఈ బోర్డు 2010లో స్వతంత్ర ప్రతిపత్తి పొందింది. 2014 జూన్ 13న భారతదేశం వాషింగ్టన్ ఒడంబడికలో శాశ్వత భాగస్వామి అయింది.

సభ్యత్వం: వృత్తి సంఘంలో కళాశాల స్వచ్ఛందంగా చేరడం. ఇది అనుమతి కాదు, అనుబంధం కాదు, అక్రెడిటేషన్ కాదు.

అక్రెడిటేషన్‌లో వృత్తి సంఘాల కార్యకలాపాలకు కొంత స్థానం ఉన్నమాట నిజమే. అండర్ గ్రాడ్యుయేట్ ఇంజనీరింగ్ కోర్సులకై 2015లో రూపొందించిన స్వయం మదింపు నివేదిక నమూనాలో మొత్తం 1,000 మార్కులకు గాను, వృత్తి సంఘాల చాప్టర్లు, ఇంజనీరింగ్ కార్యక్రమాల నిర్వహణకు కేటాయించినవి 5 మార్కులు. ఆ 5 మార్కులు కూడా కార్యకలాపాలకే గాని, గోడకు వ్రేలాడే ధ్రువపత్రానికి కావు. అయితే శిక్షణ పొందిన అధ్యాపకుని ప్రభావం పాఠ్యబోధన, ప్రయోగశాల, ఉత్తీర్ణత, ఉపాధి వంటి ఇతర అంశాలన్నింటిలోనూ ప్రతిఫలిస్తుంది. సభ్యత్వపు అసలు విలువ అక్కడ ఉన్నది.

తల్లిదండ్రులు అడగదగిన ప్రశ్నలు

కళాశాల సభ్యత్వం సజీవంగా ఉన్నదా, పేరుకే ఉన్నదా అని తెలుసుకోవడానికి పెద్ద పరిజ్ఞానం అక్కరలేదు. ప్రవేశాల సమయంలో ఈ క్రింది ప్రశ్నలు అడిగితే చాలును.

1. అధ్యాపకుల చాప్టర్ చివరిసారి ఎప్పుడు, ఏ విషయంపై కార్యక్రమం నిర్వహించింది?
2. గత విద్యా సంవత్సరంలో ఎందరు అధ్యాపకులు శిక్షణకు వెళ్ళారు? వారికి ఆన్ డ్యూటీ సెలవు, ప్రయాణ ఖర్చులు యాజమాన్యం ఇచ్చిందా?
3. విద్యార్థుల చాప్టర్‌కు వసూలు చేసిన రుసుముతో ఏ కార్యక్రమాలు జరిగాయి?
4. విద్యార్థులు సమీప పరిశ్రమలకు, గ్రామాలకు వెళ్ళి చేసిన ప్రాజెక్టులు ఏవి?

రెండవ ప్రశ్న అన్నింటికంటే ముఖ్యమైనది. కళాశాల రుసుము చెల్లించి, అధ్యాపకునికి మాత్రం సెలవు నిరాకరించినచో ఆ సభ్యత్వం 1968కి పూర్వపు ప్రిన్సిపాళ్ళ సంఘం స్థాయికి తిరిగి వెళ్ళినట్లే అవుతుంది.

స్థానిక అవసరాలతో అనుసంధానం

విద్యార్థుల చాప్టర్ కార్యక్రమాలు క్విజ్ పోటీలు, పోస్టర్ ప్రదర్శనలకే పరిమితం కానవసరం లేదు. ఝరాసంగం పరిసరాల్లోనే పరిష్కారం కోరే సమస్యలు అనేకం ఉన్నాయి. తవ్విన అల్లాన్ని, ఆలుగడ్డను చెడిపోకుండా నిల్వ చేయడం, చిరుధాన్యాల పొట్టు తీసే చిన్న యంత్రాలను మెరుగుపరచడం, చెరకు నరకడంలో శ్రమను తగ్గించడం, ట్రాక్టర్ల మరమ్మతును ఊరిలోనే అందుబాటులోకి తేవడం వంటివి మెకానికల్, ఎలక్ట్రికల్, సివిల్ విద్యార్థులకు చక్కని ప్రాజెక్టులు కాగలవు. రైతు బిడ్డ అయిన విద్యార్థికి సమస్య ముందే తెలుసు. దానిని కొలిచి, గీసి, తయారుచేసి చూపే పద్ధతిని నేర్పవలసినవాడు అధ్యాపకుడు.

సంస్థాగత సభ్యత్వం ఖర్చుతో కూడిన అలంకారం కారాదు. కళాశాల యాజమాన్యం రుసుముతో పాటు అధ్యాపకులకు సమయాన్ని కేటాయించినపుడు, అధ్యాపకులు నేర్చినదానిని తరగతి గదికి చేర్చినపుడు, తల్లిదండ్రులు ప్రశ్నించడం అలవాటు చేసుకొన్నపుడు మాత్రమే దాని ఫలితం విద్యార్థికి అందుతుంది. పారిశ్రామిక నగరం రూపుదిద్దుకొనే వేళ ఝరాసంగం, న్యాల్‌కల్ మండలాల యువత అందులో సముచిత స్థానం పొందేందుకు జహీరాబాద్ ప్రాంత సాంకేతిక విద్యాసంస్థలు ఈ అవకాశాన్ని సద్వినియోగపరచుకోవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉన్నది.