మానసిక రోగుల పరిచారకులు: చరిత్రలో వారి స్థానం

వైద్యచరిత్ర గ్రంథాలలో హకీముల పేర్లు ఉంటాయి, ఆస్పత్రులు కట్టించిన సుల్తానుల పేర్లు ఉంటాయి. రాత్రంతా రోగి పక్కన మేలుకొని కూర్చున్నవారి పేర్లు మాత్రం అరుదు. మతిస్థిమితం తప్పినవారి విషయంలో ఈ లోపం మరీ పెద్దది. ఆ వ్యాధిలో మందు ఎంత అవసరమో, దగ్గరుండే మనిషి నడవడి కూడా అంతే అవసరం.

‘బీమారిస్తాన్’ అనగా రోగుల నిలయం. క్రీ.శ. 1183లో కైరో చేరిన అందలూసియా యాత్రికుడు ఇబ్న్ జుబైర్, సుల్తాన్ సలాహుద్దీన్ అయ్యూబీ నెలకొల్పిన ఆస్పత్రిని చూశాడు. స్త్రీలకు వేరే విభాగం, వారిని చూసుకొనే మనుషులు ఉన్నారని రాశాడు. మతి తప్పినవారిని ఇనుప కటకటాల గదులలో ఉంచినా, ప్రతిరోజూ వారి స్థితి విచారించి తగినది అందించేవారు ఉన్నారని కూడా రాశాడు. 1284లో సుల్తాన్ ఖలావూన్ అదే నగరంలో నిర్మించిన మన్సూరీ ఆస్పత్రిలో రోగుల సేవకు స్త్రీలనూ పురుషులనూ నియమించి జీతాలు ఏర్పరచినట్లు చరిత్రకారుడు మఖ్రీజీ తెలిపాడు. ఆ విధంగా పరిచర్య ఎవరి దయపైనో ఆధారపడక, వక్ఫ్ ఆదాయంపై నిలిచిన ఉద్యోగమైంది.

ఇది మనకు గర్వకారణమే. అయితే అదే ఇబ్న్ జుబైర్ 1184లో దమస్కస్ ఆస్పత్రిలో ఇటువంటి రోగులు గొలుసులతో బంధింపబడి ఉండటం కూడా చూశాడు. ఆయన దానిని దాచలేదు. మనమూ దాచరాదు.

ఐరోపాలో సంకెళ్ళు విప్పించిన కీర్తి ఫ్రెంచి వైద్యుడు పినెల్‌కు దక్కింది. ఆయన రోగులను విడిపిస్తున్నట్లు 1876లో వేసిన చిత్రం ప్రసిద్ధం. కాని పారిస్‌లోని బిసెత్ర్ ఆస్పత్రిలో 1797లో ఆ పని చేసినవాడు జాన్ బాప్తిస్త్ ప్యుస్సాఁ. ఆయన వైద్యుడు కాడు. ఒకప్పుడు అక్కడే రోగిగా చేరి, నయమై, పరిచారకుడైనవాడు. ఆయన వద్ద తాను నేర్చుకొన్న సంగతిని పినెల్ స్వయంగా ఒప్పుకొన్నాడు.

1882లో అమెరికాలోని మెక్లీన్ మానసిక వైద్యశాలలో నర్సుల శిక్షణాలయం ప్రారంభమైంది. 1952లో హిల్డెగార్డ్ పెప్లౌ అనే నర్సు తన గ్రంథంలో, నర్సుకూ రోగికీ మధ్య ఏర్పడే సంబంధమే చికిత్సలో భాగమని సిద్ధాంతీకరించింది.

ఇక మన దేశం సంగతి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, దర్గాకు వచ్చే మానసిక రోగులను ఉంచే ఒక ఆశ్రయంలో మంటలు లేచాయి. గొలుసులతో కట్టివేయబడినవారు తప్పించుకోలేకపోయారు. 28 మంది మరణించారు. రోగిని గొలుసుతో కట్టడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పూర్తిగా నిషేధించింది.

బుద్ధి బలహీనులకు అన్నవస్త్రాలు ఇచ్చి, వారితో మంచిగా మాట్లాడమని సూరె నిసా ఐదవ ఆయత్ ఆదేశిస్తున్నది. పూర్వికుల బీమారిస్తానులను కొనియాడే మనం, మన ఇంట్లో, మన వీధిలో ఉన్న అటువంటి రోగితో ఎలా మాట్లాడుతున్నామో ఒకసారి ఆలోచించవలసి ఉన్నది.