గల్లంతైనవారి అన్వేషణ

యుద్ధాల్లో, ప్రమాదాల్లో, నియంతల పాలనలో కనపడకుండా పోయినవారి ఆచూకీ తీసి, దొరికిన అవశేషాలను అయినవారికి అప్పగించే ప్రయత్నమే గల్లంతైనవారి అన్వేషణ. ప్రభుత్వాలు దీన్ని తమ బాధ్యతగా ఒప్పుకుని నూరేళ్లు దాటింది. కుటుంబాలు అంతకు ఎన్నో యుగాల ముందు నుంచే వెతుకుతున్నాయి. మహాభారతంలో యుద్ధం ముగియగానే వచ్చేది స్త్రీపర్వం. అందులో స్త్రీలు రణభూమిలో తమవారి తలలను, మొండేలను వెతుక్కుంటారు. దహనాలూ తర్పణాలూ ఆ తర్వాతే.

తిథి తెలియని చావు

శవం దొరకనప్పుడు తెలుగు ఇళ్లలో మొదటి చిక్కు తిథి దగ్గరే వస్తుంది. పదో రోజును ఎప్పటి నుంచి లెక్కపెట్టాలి? తద్దినం ఏనాడు పెట్టాలి? భార్య బొట్టు ఉంచుకోవాలా, తీయాలా? మోదుగ కాడలతోనో దర్భలతోనో మనిషి బొమ్మ కట్టి దహనం చేయమని శాస్త్రం దారి చూపింది. తిథి తెలియనివారికి మహాలయ అమావాస్యను కేటాయించింది. చట్టం పెట్టిన గడువు ఏడేళ్లు. 2024 వరకు అమల్లో ఉన్న 1872 నాటి సాక్ష్య చట్టం 108వ సెక్షన్ ప్రకారమైనా, దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టం ప్రకారమైనా, అన్నాళ్లూ అయినవారికే కబురు లేకపోతే, మనిషి బతికే ఉన్నాడనేవారు దాన్ని రుజువు చేయాలి. కానీ బొమ్మకు నిప్పు పెట్టడమంటే వెతకడం మానేయడమేనని తల్లి మనసు మొరాయిస్తుంది. ఈ చరిత్రను రాజ్యాల కంటే ముందు నడిపించింది ఆ మొరాయింపే.

పేర్ల లెక్క

పాత యుద్ధాల్లో మామూలు సిపాయికి దక్కేది ఉమ్మడి గొయ్యి. అమెరికా అంతర్యుద్ధం ముగిసిన 1865లో, క్షతగాత్రులకు సేవ చేసిన క్లారా బార్టన్ వాషింగ్టన్‌లో ఒక కార్యాలయం తెరిచి, 63,000కు పైగా ఉత్తరాలకు జవాబులిచ్చి, 22,000 మందికి పైగా ఏమయ్యారో తేల్చారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌కు చెందిన ఫేబియన్ వేర్ ఫ్రాన్స్‌లోని సమాధుల వివరాలు రాయించడం మొదలుపెట్టాడు. దాని నుంచే 1917లో బ్రిటిష్ సామ్రాజ్య యుద్ధ సమాధుల కమిషన్ పుట్టింది. అంతకు ముందు ఏడాది నుంచి బ్రిటిష్ సైనికుడి మెడలో రెండు బిళ్లలు ఉండేవి. చనిపోతే ఎర్రది లెక్క కోసం తీసుకెళ్లేవారు, ఆకుపచ్చది శవంతోనే ఉంచేవారు. నార పదార్థంతో చేసినవి కావడంతో చాలావరకు మట్టిలో చివికిపోయాయి. మనిషి ఎముకలు మిగిలినా పేరు మిగలలేదు. సమాధి తెలియని భారతీయ సైనికులు, శ్రామికులు 4,700 మందికి పైగా పేర్లతో ఫ్రాన్స్‌లోని నవ్ షపెల్‌లో 1927లో స్మారకం వెలిసింది.

ఎవరిని వెతకాలన్నది మాత్రం రాజ్యాలే తేల్చుకున్నాయి. 1942-43లో జపాన్ సైన్యం కట్టించిన సయాం-బర్మా రైలుమార్గంలో చనిపోయిన మిత్రరాజ్యాల యుద్ధఖైదీల్లో దాదాపు 7,000 మందికి థాయిలాండ్‌లోని కాంచనబురిలో వరసగా సమాధులున్నాయి. మలయా తోటల నుంచి తరలించిన తమిళ, తెలుగు కూలీలూ ఆ దారి పొడవునా ప్రాణాలు వదిలారు. వాళ్లకు మెడలో బిళ్ల లేదు, రాసుకున్న జాబితా లేదు. ఈ చరిత్రలో అన్నిటికంటే పెద్ద అన్యాయం ఇదే.

హక్కుగా మారిన వేళ

అర్జెంటీనాలో 1976-83 సైనిక పాలన వేలమందిని మాయం చేసింది. 1977 ఏప్రిల్‌లో, వారి జాడ చెప్పమంటూ తల్లులు బ్యూనస్ ఎయిరిస్‌లోని ప్లాజా దె మాయో కూడలిలో తిరగడం మొదలుపెట్టారు. నియంతృత్వం పోయాక, 1984లో, అమెరికన్ శాస్త్రవేత్త క్లైడ్ స్నో దగ్గర శిక్షణ పొందిన యువ బృందం సమాధులు తవ్వి ఎముకలను గుర్తించసాగింది. అప్పుడు ఆ తల్లుల్లో కొందరు ఎముకలు వద్దన్నారు. అవి తీసుకుంటే చావును ఒప్పుకున్నట్టని, చంపినవాళ్లు తప్పించుకుంటారని వారి భయం. మరికొందరు ఒక్క ఎముకైనా చాలన్నారు. రెండు మాటలూ న్యాయమే. యుద్ధాల విషయంలోనైతే, తమవారు ఏమయ్యారో తెలుసుకునే హక్కు కుటుంబాలకు ఉందని జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి అదనపు ప్రొటోకాల్ 32వ అధికరణం చెబుతోంది.

మంచులో, సముద్రంలో

1968 ఫిబ్రవరి 7న చండీగఢ్ నుంచి లేహ్‌కు బయల్దేరిన వైమానిక దళ ఏఎన్-12 విమానం 102 మందితో రోహ్‌తాంగ్ కనుమ దగ్గర గల్లంతైంది. 2003లో పర్వతారోహకులకు శకలాలు కనిపించాయి. హిమానీనదం తన లోపల ఉన్నదాన్ని నెమ్మదిగా కిందికి జరుపుతూ వదులుతుంది. అందుకే ఏళ్ల తరబడి ఒకరూ ఇద్దరూ బయటపడుతూ వచ్చారు. 2024 సెప్టెంబరులో మరో నలుగురు దొరికారు. 56 ఏళ్లు మంచులో ఉన్న జేబుల్లోని కాగితాలే గుర్తింపుకు సాయపడ్డాయి. 1984లో సియాచిన్ హిమపాతంలో పోయిన సైనికుణ్ణి 2022లో గుర్తుపట్టింది సైనిక నంబరున్న లోహపు బిళ్లతోనే. అతని భార్యది 38 ఏళ్ల ఎదురుచూపు.

2016 జూలై 22న చెన్నై దగ్గరి తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు వెళ్తున్న ఏఎన్-32 బంగాళాఖాతం మీద మాయమైంది. అందులోని 29 మందిలో 8 మంది విశాఖపట్నం నౌకాదళ ఆయుధాగారం ఉద్యోగులు. ఓడలు, విమానాలు వారాల తరబడి గాలించాయి. సెప్టెంబరులో గాలింపు ఆగింది, అందరూ చనిపోయినట్టే భావించాలని కుటుంబాలకు ఉత్తరాలు అందాయి. 2024 జనవరిలో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవారి, నీటి అడుగున తిరిగే యంత్రం చెన్నై తీరానికి 310 కిలోమీటర్ల దూరాన, 3,400 మీటర్ల లోతున విమాన శకలాలను ఫోటో తీసినట్టు బయటపడింది. అక్కడ మరో విమానం గల్లంతైన దాఖలా లేదు కాబట్టి అవి అదే విమానానివి కావచ్చని రక్షణ శాఖ ప్రకటించింది. విశాఖలోని ఆ ఇళ్లకు తేదీ మొదటి నుంచీ తెలుసు. చోటు తెలియడానికి ఏడున్నరేళ్లు పట్టింది.