ఓడ విడుచుటకు తగిన కాలము

కార్తె చూడక విత్తు చల్లిన రైతు ఒక యేటి పంటను పోగొట్టుకొనును. కాలము చూడక ఓడ విడిచిన బేహారి మరల ఇల్లు చేరుట అరుదు. ఆవిరియోడలు పుట్టకపూర్వము మన తీరమునుండి సువర్ణభూమికి, అనగా బర్మా మలయా దేశములవైపునకు, పోవువారికి గాలియే ఆధారము.

వేసవి కడపట నైరృతి గాలి ప్రారంభమగును. తెరచాప యెత్తిన ఓడ దానితో తూర్పునకు సాగును. చలికాలమున గాలి ఈశాన్యమునుండి వీచును. పుష్య మాఘములు మరలివచ్చుటకు అదను. కాబట్టి పోయినవాడు గాలి తిరుగువరకు పరదేశమున నెలల తరబడి నిలువవలసినదే. క్రీ.శ. 671లో చీనానుండి బయలుదేరిన బౌద్ధయాత్రికుడు ఇత్సింగు ఇరువది దినములలోపుననే శ్రీవిజయము చేరి, అచ్చట ఆరు నెలలు ఆగెను. ఆగిన కాలమును వృథాపుచ్చక శబ్దశాస్త్రము చదివెనట!

రెండు గాలుల సంధికాలమే ప్రాణాంతకము. చిత్త, స్వాతి, విశాఖ కార్తెలలో బంగాళాఖాతమున గాలివాన లేచినచో ఎంతటి సరంగునకైనను దిక్కు తోపదు. కంపెనీ దినములలో చెన్నపట్టణపు రేవున అక్టోబరు నడుమ జెండాకొయ్యను దించి, మరల డిసెంబరు నడుమనే యెత్తుచుండిరి. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన కోరంగి రేవును ఓడలతో కూడ నాశము చేసెను.

తుపానును తప్పించుకొన్నవానికి వేరొక భయముండెను. గాలికి కొట్టుకొనివచ్చి తమ తీరమున పగిలిన ఓడలలోని సొత్తును పూర్వపు రాజులు లాగుకొనుచుండిరి. ప్రాణముతో ఒడ్డెక్కినవాడు బిచ్చగాడగుచుండెను. ఈ దురాచారమును కాకతీయ గణపతిదేవుడు మాన్పెను. 1244-45లో, నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లియందు వేయించిన శాసనమున, నిర్ణీతమైన సుంకము తప్ప మరేమియు గైకొనమని సముద్రవర్తకులకు అభయమిచ్చెను. ప్రాణముకంటె ధనమే మిన్నయని తలచి కడలికి తెగించినవారిపై దయతో ఇట్లు చేసితినని చెప్పుకొనెను. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట ఒక వంతు. ఇందు దయయు కలదు, లెక్కయు కలదు. ఓడలు రాని రేవునకు సుంకమెక్కడిది?

కాకతీయులు పోయినను ఆ రేవు నిలిచెను. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అచ్చటనే వర్తకులకు మరల అభయశాసనము వేయించెను.