మోకును సన్నత్రాడును

కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణములు ఒకదానికొకటి ఎంతో దూరమున లేవు. అయినను నీటి విషయమున వాని రాతలు వేరు. గండికోట లోయను దాటివచ్చిన పెన్నానది జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చెంతగా ప్రవహించుచున్నది. 1863లో మదరాసు ఇరిగేషను కంపెనీవారు త్రవ్వనారంభింపగా, 1882లో ప్రభుత్వము కొనిన కర్నూలు-కడప కాలువ ప్రొద్దుటూరు ప్రాంతపు పొలములకు ఆధారమైనది. పులివెందుల సీమకు చిరకాలము నేల అడుగు నీరే దిక్కు. జిల్లాలో ఏటికి కురియు వాన సుమారు 700 మిల్లీమీటర్లు; అదియు నమ్మరానిది. 1876-78 సంవత్సరముల కరవు ఈ దత్తమండలములను ఎంత పీడించెనో చరిత్ర చెప్పుచున్నది. ఇట్టి సీమలో నీటిని పైకెత్తు సాధనము ఒక్క వారము చెడియుండుట చిన్న సంగతి కాదు.

పూర్వము ఆ సాధనము కపిల. రెండెడ్లు ఏటవాలు బాటపై దిగుచు తోలుబానను బావినుండి పైకి లాగుచుండెడివి. ఆ బానకు రెండు త్రాళ్లు. లావుపాటి మోకు పైగిలక మీదుగా పోయి బరువును మోయును. బాన అడుగున నుండు తోలుతొండమునకు సన్నత్రాడు కట్టి, తొట్టి అంచున దొర్లెడు కొయ్య మీదుగా తీసికొని పోవుదురు. బాన పైకి వచ్చునంతవరకు ఆ సన్నత్రాడు తొండమును మడిచి పట్టుకొనును. బాన గట్టు చేరగానే తొండమును తొట్టిలోనికి లాగి నీటిని విడుచును. సన్నత్రాడు తెగినచో తొండము క్రిందికి వ్రేలాడి, దారిలోనే నీరంతయు మరల బావిపాలగును. ఎడ్ల బలము తగ్గలేదు, మోకు తెగలేదు. అయినను మడికి చుక్క చేరదు. తెలిసిన సేద్యగాడు అట్టియెడ ఎడ్లను అదలింపడు. ముందుగా వంగి సన్నత్రాటిని చూచును.

బలమును మోయునది ఒకటి. ఆ బలము ఎప్పుడేమి చేయవలెనో చెప్పునది మరియొకటి. కపిల పోయి మోటారు వచ్చినను ఈ భేదము పోలేదు. దీనిని మరచినవారే నేటికిని చెడని మోటారును విప్పించి, డబ్బు పోగొట్టుకొనుచున్నారు.

20వ శతాబ్ది తొలి సంవత్సరములలో ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్ అను ఇంజనీరు మదరాసు రాజధానిలో ఆయిలింజనుతో బావినీరు తోడు పద్ధతిని ప్రచారము చేసెను. ఎడ్ల స్థానమున ఇంజను నిలిచెను. దాని వేగము హెచ్చినను తగ్గినను, చెంతనున్న మనిషి చెవికి ఆ చప్పుడే తెలుపుచుండెను. అంతట విద్యుత్తు వచ్చెను. 1959లో ఆంధ్రప్రదేశ్ విద్యుచ్ఛక్తి మండలి ఏర్పడిన తరువాత పల్లెపల్లెకు తీగలు సాగెను. కపిలబాటలు క్రమముగా గడ్డిపట్టెను. పిమ్మట బావులెండి బోరుబావులు వచ్చుటతో మోటారు వందల అడుగుల లోతునకు దిగెను. ఇక దానిని కన్ను చూడదు, చెవి వినదు. దాని క్షేమసమాచారము గట్టుపైనున్న స్టార్టరు పెట్టెలోని సన్నతీగల ద్వారమున మాత్రమే తెలియవలెను.

ఈ మోటారునకు ఒక గుణము కలదు. 1888లో నికొలా టెస్లా పేటెంటు పొందిన ఈ జాతి మోటారు, విద్యుత్తు యొక్క ఆవృత్తిని అనుసరించి తిరుగును. మన దేశమున సెకనునకు 50 ఆవృత్తులు. కావున రెండు ధ్రువముల మోటారు నిమిషమునకు 3000 చుట్లకు కొంచెము తక్కువగా తిరుగును. నీరు కొద్దిగా చాలునన్నను అది నెమ్మదింపదు. వాల్వు త్రిప్పి నీటిని అడ్డగించుటయే అప్పటి ఉపాయము. 1957లో థైరిస్టరు, ఆ వెనుక మరింత చురుకైన అర్ధవాహక సాధనములు వచ్చిన తరువాత, ఆవృత్తినే మార్చి మోటారు వేగమును మార్చు పెట్టె సామాన్యులకు అందెను. దీని లాభము లెక్కకు అందునదే. పంపువేగము సగమైనచో నీరు సగము వచ్చును. కాని పీడనము నాల్గవవంతునకు, కావలసిన శక్తి ఆదర్శస్థితిలో ఎనిమిదవ వంతునకు దిగును.

ఈ సూత్రము ఈతకొలనుల పంపులకు మిక్కిలి అనువైనది. కొలనునీటిని ప్రతిదినము అనేక గంటలు వడపోయవలెను గాని, తొందర లేదు. అందుచే అమెరికాలో 2021 జూలై నుండి కొలను పంపులకు శక్తిపొదుపు నిబంధనలు అమలులోనికి వచ్చెను. అచట స్థిరపడిన మన తెలుగువారి పెరటి కొలనులలోను వేగము మార్చుకొను పంపులు కానవచ్చుచున్నవి. మన సీమలో ఆ జాతి యంత్రము వేరొక రూపమున వచ్చినది. అది సౌరపంపు. 2019లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన 'పీఎం కుసుమ్' పథకము ఇట్టి పంపులకు ప్రోత్సాహమిచ్చినది. దాని కంట్రోలరు సూర్యకాంతి ననుసరించి మోటారు వేగమును మార్చును. మబ్బు క్రమ్మినచో నెమ్మదించును, ఎండ కాసినచో పరుగెత్తించును. కొలను పంపునందు వేగము చెప్పు మీటల పలకకును, సౌరపంపునందు దినచర్యను దూరమునకు పంపు పరికరమునకును కంట్రోలరుతో సంబంధము కలిగించునవి సాధారణముగా రెండు సన్నని తీగలు. నేటి సన్నత్రాడు ఇదియే.

ఈ తీగలకును చరిత్ర కలదు. 1839లో కలకత్తా చెంత ఓషానెస్సీ తంతి ప్రయోగములు చేసెను. తంతి వ్యాపించిన కొలది, తెగినచోటు కనుగొను విద్యయు పెరిగెను. దూరపు కొసను తీగలను కలిపి, ఇవతల నిరోధము కొలిచి, దోషమెంత దూరమున నున్నదో లెక్కగట్టుచుండిరి. 1881లో అలెగ్జాండర్ గ్రాహంబెల్ రెండు తీగలను పురిపెట్టుటకు పేటెంటు పొందెను. పురిపెట్టిన తీగలపై పరాయి విద్యుత్తు సోకినచో రెండింటిపై సమానముగా సోకును. వాని భేదమును మాత్రమే చూచు యంత్రమునకు ఆ గోల వినరాదు. ఈ సూత్రముపైననే 1983లో 'ఆర్‌ఎస్ 485' అను ప్రమాణము వెలసెను. తగు వేగమున ఇట్టి తీగలపై సుమారు 1200 మీటర్ల వరకు వార్త పోగలదు.

ఇక దోషము కనుగొను క్రమము. మొదటి ప్రశ్న ఇది: దూరపు ఆజ్ఞ వినని పంపు, తన ఒంటిమీది మీటల ఆజ్ఞ వినుచున్నదా? వినుచున్నచో మోటారు, బలపు తీగ మంచివే, వార్తాతీగయే అనుమానింపదగినది. మీటల పలకయే సన్నతీగతో కలుపబడియుండి, అదియే పలుకకున్నచో ఆ తీగను ముందు చూడవలెను. పెట్టె తెరచుటకు ముందు విద్యుత్తును పూర్తిగా ఆపి, తయారీదారులు చెప్పినంతసేపు వేచియుండవలెను. ఆపిన తరువాతను లోపలి కెపాసిటర్లలో ప్రాణాపాయకరమగు విద్యుత్తు నిలిచియుండును. సౌరపలకలు ఎండలో విద్యుత్తు పుట్టించుచునే యుండును గనుక వానినుండి వచ్చు తీగను స్విచ్చితో విడదీయవలెను. చేతగానివారు ఇందు చేయిపెట్టరాదు.

తరువాత కొసలను చూడవలెను. దోషములు ఎక్కువగా అతుకులలోనే యుండును. మరలు సడలుట, తేమచే రాగి పచ్చబడుట, ఎలుకలు కొరుకుట, పైతొడుగు బాగుండి లోపలి రాగి విరుగుట సామాన్యములు. రెండు తీగలు తారుమారైనను వార్త పోదు. ఏ, బీ అను గుర్తులను అందరు తయారీదారులు ఒకే అర్థమున వాడరు కావున, గుర్తులు సరిపోయినంత మాత్రమున నమ్మరాదు. ఒకమారు మార్చి చూడవలెను. పిమ్మట తీగను రెండు కొసల విడదీసి, ఆవలి కొసను కలిపి ఇవతల మీటరు పెట్టినచో, నిరోధము స్వల్పమైన తీగ మంచిది, అనంతమైన తెగినది. ఆవలి కొసను విడిచినప్పుడును స్వల్పముగా చూపినచో, రెండు తీగలు ఎచటనో తాకుచున్నవి. ఇది పాత తంతివారి పద్ధతియే.

పొడవైన తీగకు రెండు కొసలను 120 ఓముల నిరోధకములుండవలెను. విద్యుత్తు లేనప్పుడు రెండు తీగల నడుమ సుమారు 60 ఓములు కనుపించినచో అవి సరిగా నున్నట్లు. 120 కనుపించినచో ఒకటి లోపించినట్లు. పంపు నెమ్మదిగా నున్నప్పుడు మాటవిని, వేగము హెచ్చగానే వినకపోయినచో, బలపు తీగల గోల సోకుచున్నదని అనుమానింపవలెను. వార్తాతీగను మోటారు తీగతో ఒకే గొట్టమున త్రోయుట పెద్ద పొరపాటు; దాటక తప్పనిచోట అడ్డముగా దాటించవలెను. ఇన్నియు సరియైనను పలుకకున్నచో దోషము తీగలో లేదు. రెండు యంత్రములకు ఇచ్చిన విలాసపు సంఖ్యగాని, సంభాషణ వేగముగాని భిన్నముగా నుండవచ్చును. అది ఇరువురు వేర్వేరు భాషలు మాటాడినట్టిది.

ఈ క్రమము తప్పి, పంపు పలుకలేదనగానే బోరునుండి మోటారును లాగించినవానికి ఎత్తుబడి కూలి దండుగ, దించుబడి కూలి దండుగ. దానికన్న పెద్దనష్టము కాలము. వేసవిలో పులివెందుల అరటికిగాని చీనీచెట్టునకుగాని నీరు తప్పిన దినములను ఏ మరమ్మతుగాడును మరల తెచ్చి యీయలేడు.

నేడు గండికోట జలాశయపు నీటిని మెట్టుమెట్టుగా ఎత్తి చిత్రావతి జలాశయమునకు చేర్చు పెద్ద పంపులు మన జిల్లాలోనే యున్నవి. ఎడ్లజత చేయలేని పనిని యంత్రము చేయుచున్నది. అయినను కపిలతోలిన పెద్దల పాఠము పాతబడలేదు. నీరు రానప్పుడు బలమును నిందించుటకు ముందు, ఆ బలమునకు మాట చేరుచున్నదో లేదో చూడవలెను. మోకు తెగినచో ఊరంతయు చూచును. సన్నత్రాడు తెగినచో వంగి చూచినవానికే కనుపించును.