కుజుడు ఏడో ఇంట్లో ఉంటే? పెళ్ళి జాతకం కథ

పెళ్ళిసంబంధం కుదరాలంటే మన ఇళ్ళలో ఇప్పటికీ ముందు అడిగేది జాతకం. అబ్బాయి చదువు బాగుంది, అమ్మాయి నచ్చింది, కట్నకానుకల మాట కూడా తేలింది. అంతలో ఎవరో "అమ్మాయికి కుజదోషం ఉందట" అంటారు. మాటలు అక్కడితో ఆగిపోతాయి. వార్తాపత్రికల్లో వచ్చే పెళ్ళి ప్రకటనలు ఒకసారి చూడండి. ఎత్తు, రంగు, ఉద్యోగం పక్కన "కుజదోషం లేదు" అన్న మాట కనిపిస్తుంది. దోషం ఉన్నదన్న అమ్మాయికి మొదట అరటిచెట్టుతోనో కుండతోనో పెళ్ళి జరిపించి, ఆ తరువాత అసలు పెళ్ళి చేసేవారు కూడా ఉన్నారు.

ఆకాశంలో ఒక గ్రహం ఫలానా చోట ఉంటే ఇద్దరు మనుషుల ప్రేమ, కాపురం, ఆయుష్షు మారిపోతాయన్న ఈ ఆలోచన ఎప్పుడు పుట్టింది? ఎక్కడి నుంచి వచ్చింది? దాని లెక్క ఏమిటి? ఆ లెక్క నిలుస్తుందా? ఈ పాఠంలో ఈ ప్రశ్నలను ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం. నమ్మేవారిని ఎగతాళి చేయడం మన ఉద్దేశం కాదు. ఒక నమ్మకం చరిత్ర తెలిస్తే దానికి ఎంత విలువ ఇవ్వాలో మీరే నిర్ణయించుకోగలుగుతారు.

వేదకాలంలో పెళ్ళి, నక్షత్రాలు

ముందుగా ఒక సంగతి గుర్తుంచుకోండి. మనం "వైదిక జ్యోతిషం" అని పిలుస్తున్న జాతకచక్రం వేదాల్లో లేదు. వేదకాలపు వారు ఆకాశాన్ని చూడలేదని దీని అర్థం కాదు, బాగానే చూశారు. ఋగ్వేదం పదో మండలంలో సూర్య అనే కన్యకు సోముడితో జరిగిన పెళ్ళి ప్రస్తావన ఉంది. అందులో అఘా, అర్జుని అనే రెండు నక్షత్రాల పేర్లు వస్తాయి. మనం మఖ, ఫల్గుని అనేవి అవే. గృహ్యసూత్రాలు వధూవరులకు ధ్రువ నక్షత్రాన్ని, అరుంధతిని చూపించమన్నాయి. మన పెళ్ళిళ్ళలో ఆ ఆచారం నేటికీ ఉంది.

లగధుడి పేరుమీద ఉన్న వేదాంగ జ్యోతిషం మనకు దొరికిన పాత ఖగోళ గ్రంథం. అందులో అయిదేళ్ళ యుగం ఉంది, 27 నక్షత్రాలు ఉన్నాయి, తిథుల లెక్క ఉంది. యజ్ఞానికి సరైన కాలం తెలుసుకోవడమే దాని ప్రయోజనం. మేషం, వృషభం వంటి 12 రాశులు అందులో లేవు. లగ్నం లేదు. పుట్టిన వేళను బట్టి ఫలితం చెప్పడమూ లేదు. అంటే ఆనాటి పెళ్ళికి మంచి రోజు చూసుకునేవారు కాని వధువు పుట్టిన క్షణంలో కుజుడు ఎక్కడున్నాడని అడగలేదు.

బాబిలోన్ నుంచి ఉజ్జయిని దాకా

12 రాశుల చక్రం బాబిలోన్‌లో, నేటి ఇరాక్ ప్రాంతంలో, క్రీ.పూ. 5వ శతాబ్దంలో రూపుదిద్దుకుంది. మనకు తెలిసిన మొదటి జన్మపత్రాలు కూడా అక్కడివే, అవి క్రీ.పూ. 410 నాటివి. శుక్రగ్రహం ఉదయాస్తమయాలను బాబిలోన్ వారు అంతకంటే వెయ్యేళ్ళకు పైగా ముందే మట్టిపలకల మీద రాసుకున్నారు. వారికి ఆ చుక్క ఇష్టార్ దేవత. ఆమె ప్రేమకూ యుద్ధానికీ అధిదేవత. గ్రీకులు అదే చుక్కను తమ ప్రేమదేవత ఆఫ్రొడైట్ పేరుతో పిలిచారు. ఎర్రగా నిప్పులా కనిపించే కుజుణ్ణి యుద్ధదేవుడు ఏరీస్ అన్నారు.

గ్రీకులు ఈ చక్రానికి ఇంకొకటి చేర్చారు. పుట్టిన క్షణంలో తూర్పున ఉదయిస్తున్న రాశి ఆ మనిషికి గుర్తు. దానికి సరిగ్గా ఎదురుగా, పడమట అస్తమిస్తున్న ఏడో రాశి ఎదుటి మనిషికి, అంటే జీవిత భాగస్వామికి గుర్తు. క్రీ.శ. 2వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన టాలెమీ తన జ్యోతిష గ్రంథంలో పెళ్ళికి ప్రత్యేకంగా ఒక అధ్యాయం రాశాడు.

ఈ విద్య మన దేశానికి వర్తక మార్గాల వెంట, ముఖ్యంగా పశ్చిమ తీరం మీదుగా వచ్చింది. స్ఫుజిధ్వజుడి 'యవనజాతకం' దీనికి గట్టి సాక్ష్యం. పేరులోనే యవనులు ఉన్నారు. డేవిడ్ పింగ్రీ 1978లో ఆ గ్రంథాన్ని ప్రచురిస్తూ దానికి క్రీ.శ. 2, 3 శతాబ్దాల తేదీలు ఇచ్చాడు. 2013లో బిల్ మాక్ వ్రాతప్రతులను మళ్ళీ పరిశీలించి ఆ తేదీలకు తగిన ఆధారం లేదని చూపాడు. తేదీల మీద చర్చ ఉన్నా గ్రీకు మూలం గురించి సందేహం లేదు. ఎందుకంటే సాక్ష్యం మాటల్లోనే ఉంది.

మాటలే సాక్ష్యం

ముహూర్తం పెట్టేటప్పుడు పురోహితులు లగ్నానికి ఏడో ఇల్లు ఖాళీగా ఉందా అని చూస్తారు. దాన్ని సప్తమ శుద్ధి అంటారు. ఆ ఏడో ఇంటికి సంస్కృత గ్రంథాల్లో 'జామిత్రం' అని పేరు. ఆ మాట గ్రీకు 'డియామెట్రోస్' నుంచి వచ్చింది. సరిగ్గా ఎదురుగా ఉన్నది అని దాని అర్థం. వృత్తం గీసేటప్పుడు పిల్లలు చెప్పే 'డయామీటర్' కూడా అదే మాట. అంటే ఇంగ్లీషు మీడియం పిల్లవాడి లెక్కల పుస్తకంలోనూ, పురోహితుడి సంచిలోని ముహూర్త గ్రంథంలోనూ ఉన్నది ఒకే గ్రీకు మాట!

హోర, కేంద్రం, ద్రేక్కాణం కూడా గ్రీకు మాటలే. పోలింగ్ కేంద్రం, ఆరోగ్య కేంద్రం అంటూ మనం రోజూ వాడే 'కేంద్రం' కూడా ఆ దారినే వచ్చింది. కాళిదాసు కుమారసంభవం ఏడో సర్గ మొదట్లో, పార్వతీ పరమేశ్వరుల పెళ్ళి ముహూర్తం సందర్భంలో, జామిత్రం మాట వాడాడు. గ్రీకు జ్యోతిషం మనకు వచ్చాకే కాళిదాసు ఉన్నాడని పండితులు వాదించడానికి ఈ ఒక్క మాట ఆధారమయింది. వారాల పేర్లూ గ్రహాలతోపాటు వచ్చినవే. మధ్యప్రదేశ్‌లోని ఏరణ్‌లో బుధగుప్తుడి కాలపు స్తంభశాసనం క్రీ.శ. 484 నాటిది. వారం పేరు కనిపించే మన తొలి శాసనాల్లో అది ఒకటి.

6వ శతాబ్దంలో అవంతి దేశంలో ఉన్న వరాహమిహిరుడు ఈ సంగతిని దాచలేదు. యవనులు మ్లేచ్ఛులైనా ఈ శాస్త్రం తెలిసినవారు గనుక ఋషులలాగా గౌరవానికి అర్హులన్న మాటను బృహత్సంహితలో చేర్చాడు. బృహజ్జాతకంలో కుజుడికి 'ఆర', శుక్రుడికి 'ఆస్ఫుజిత్' అన్న పేర్లు కూడా ఇచ్చాడు. ఒకటి ఏరీస్, రెండోది ఆఫ్రొడైట్. మన పురాణాల్లో శుక్రుడు పురుషుడు, రాక్షసుల గురువు, భృగువంశపు ఋషి. అటువంటి ఋషి ప్రేమకూ దాంపత్యానికీ కారకుడెలా అయ్యాడు? గ్రీకు ప్రేమదేవత లక్షణాలు ఆయన మీదికి వచ్చి చేరాయి గనుక.

అయితే మనవాళ్ళు ఊరికే అప్పు తెచ్చుకుని కూర్చోలేదు. మన నక్షత్రాలను ఆ చక్రంలో ఇమిడ్చారు. దశలు, నవాంశలు చేర్చారు. నాడి, గణం, యోని మొదలైన ఎనిమిది కూటాలకు 36 మార్కులు వేసే గుణమేళనం చంద్రుడున్న నక్షత్రం మీద, రాశి మీద ఆధారపడేది; అది ఇక్కడే పెరిగింది. ఈనాటి పెళ్ళి జాతకంలో ఈ రెండు పొరలూ కలిసి ఉన్నాయి.

కుజదోషం లెక్క

బృహజ్జాతకంలో స్త్రీ జాతకానికి ఒక అధ్యాయం ఉంది. ఏడో ఇంట్లో పాపగ్రహం ఉంటే వైధవ్యం అన్న భావం అందులో కనిపిస్తుంది. మనం ఈనాడు వింటున్న కుజదోష జాబితా మాత్రం అందులో లేదు. 2, 4, 7, 8, 12 ఇళ్ళలో కుజుడుంటే దోషం అనేది తరువాతి కాలంలో వ్యాప్తిలోకి వచ్చిన సూత్రం. ఉత్తరాదిన రెండో ఇంటి బదులు ఒకటో ఇంటిని లెక్కిస్తారు. కొందరు రెండింటినీ కలుపుతారు.

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకోండి. భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల 24 గంటల్లో 12 రాశులూ తూర్పున ఉదయిస్తాయి. అంటే ఒక రోజులో కుజుడు 12 ఇళ్ళనూ చుట్టి వస్తాడు. ఒక్కో ఇంట్లో సుమారు 2 గంటలు ఉంటాడు. దోషమున్న ఇళ్ళు అయిదు. 5 ఇళ్ళు, 2 గంటల చొప్పున 10 గంటలు. ప్రతిరోజూ, ఏ ఊరి ఆస్పత్రిలోనైనా, సుమారు 10 గంటలపాటు పుట్టే పిల్లలందరికీ కుజదోషం ఉన్నట్టే. వందలో 42 మంది!

అంతటితో ఆగదు. లగ్నం నుంచే కాక చంద్రుడి నుంచి, శుక్రుడి నుంచి కూడా చూడాలంటారు. ఈ మూడూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పడతాయనుకుంటే, మూడింటిలోనూ దోషం తప్పించుకునే అవకాశం 7/12ను మూడుసార్లు గుణిస్తే వస్తుంది. అది సుమారు 20 శాతం. అంటే వందలో 80 మందికి ఎక్కడో ఒకచోట దోషం తగులుతుంది.

ఇంతమందికి దోషమైతే పెళ్ళిళ్ళు ఎలా జరుగుతాయి? అందుకే మినహాయింపులు వచ్చాయి. కుజుడు మేషంలోనో, వృశ్చికంలోనో, మకరంలోనో ఉంటే దోషం లేదు. గురుదృష్టి ఉంటే లేదు. ఇద్దరికీ దోషముంటే లేదు. వయసు 28 దాటితే లేదని ఇంకొందరు. అందరినీ పట్టే సూత్రం, అందరినీ వదిలే మినహాయింపులు కలిస్తే ఏమవుతుందో ఆలోచించండి. కాపురం బాగుంటే మినహాయింపు పనిచేసింది. బాగుండకపోతే దోషం పనిచేసింది. ఏ ఫలితం వచ్చినా తప్పు అనిపించుకోని సూత్రాన్ని విజ్ఞానశాస్త్రం పరీక్షకు నిలిచినదిగా ఒప్పుకోదు.

పరీక్షలు ఏం చెప్పాయి?

పుట్టినరోజుకూ దాంపత్యానికీ సంబంధం ఉందేమోనని కొందరు లెక్కలు తీశారు. అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో జరిగిన 2,978 పెళ్ళిళ్ళను, 478 విడాకులను బెర్నార్డ్ సిల్వర్‌మన్ 1971లో పరిశీలించాడు. రాశుల పొంతనకూ పెళ్ళి నిలవడానికీ సంబంధం కనిపించలేదు. ఇంగ్లండ్, వేల్స్‌ల 2001 జనాభా లెక్కల నుంచి డేవిడ్ వోస్ సుమారు కోటి జంటలను తీసుకున్నాడు. ఒకే రాశివారు కాస్త ఎక్కువగా జతకట్టినట్టు మొదట కనిపించింది. తరచి చూస్తే, ఫారం నింపిన మనిషి భార్య లేదా భర్త పుట్టినరోజు దగ్గర పొరపాటున తన పుట్టినరోజే రాసిన సందర్భాలున్నాయని తేలింది. వాటిని సవరించాక ఆ తేడా పోయింది.

ఇవి సూర్యుడి రాశి మీద చేసిన పరీక్షలు, కుజదోషం మీద కాదు. మన పద్ధతినే పరీక్షించినవారు జయంత్ నార్లీకర్ బృందం. మహారాష్ట్రలో 27 మంది జ్యోతిష్కులకు తలా 40 జాతకాలిచ్చి, ఎవరు తెలివైన పిల్లలో, ఎవరు మానసిక ఎదుగుదల లేనివారో చెప్పమన్నారు. సరైన జవాబులు సగటున 46 శాతం. నాణెం ఎగరేసినా దాదాపు అంతే వస్తుంది.

భయం ఎందుకు నిలిచింది?

మరి ఇంత బలహీనమైన సూత్రం ఇన్నాళ్ళు ఎలా బతికింది? దానికి కారణం ఆకాశంలో లేదు, నేలమీద ఉంది. 1911 నుంచి 1921 వరకు గడిచిన దశాబ్దంలో మన దేశంలో సగటు ఆయుర్దాయం సుమారు 20 ఏళ్ళు మాత్రమే. ప్లేగు, కలరా, ఇన్‌ఫ్లుయెంజా ఊళ్ళను ఊడ్చేశాయి. పసిపిల్లలకు పెళ్ళిళ్ళు చేసేవారు. మొగుడు పోవడం అరుదైన సంగతి కాదు. ఆ దుఃఖానికి ఒక కారణం కావలసి వచ్చింది. అది పిల్ల జాతకంలో దొరికింది. ఇక్కడ తిరగబడిన తర్కాన్ని గమనించండి. చనిపోయింది అబ్బాయి, కారణం మశూచో కలరాయో, తప్పు మాత్రం అమ్మాయిది!

1881 డిసెంబర్ 11న కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆ రోజుల్లోని బాలవితంతువుల మొదటి పెళ్ళిళ్ళు ముహూర్తం చూడకుండా చేసినవి కావు. వారి బతుకు మారడానికి దారితీసింది గ్రహశాంతి కాదు. 1856 నాటి వితంతు పునర్వివాహ చట్టం, అమ్మాయి పెళ్ళి వయసును 14కు పెంచిన 1929 నాటి శారదా చట్టం, టీకాలు, మంచినీరు, చదువు. ఇప్పుడు ఆయుర్దాయం 70 ఏళ్ళ దరిదాపులో ఉంది. కుజుడు మాత్రం మునుపటి దారిలోనే 687 రోజులకొకసారి సూర్యుణ్ణి చుడుతున్నాడు.

ఆ కుజుడి దగ్గరికి మనమే వెళ్ళాం. 2013 నవంబర్ 5న శ్రీహరికోట నుంచి బయల్దేరిన మంగళయాన్ 2014 సెప్టెంబర్ 24న ఆ గ్రహం కక్ష్యలో చేరింది. అక్కడ ఉన్నది తుప్పుపట్టిన ఇనుము రంగు దుమ్ము, పలచని బొగ్గుపులుసు వాయువు. భూమి వ్యాసంలో దాదాపు సగం ఉన్న ఆ గోళానికి ఒక ఇంటి ఆడపిల్ల పెళ్ళితో పనేముంది?

మీ ఇంట్లో సంబంధం చూస్తున్నప్పుడు పెద్దలు జాతకం అడగవచ్చు. వారి మనసులో ఉన్నది పిల్లల క్షేమమే. వారితో దెబ్బలాడకండి, లెక్క వేసి చూపండి. నిజంగా చూడవలసిన పొంతనలు కూడా చెప్పండి. ఉదాహరణకు, ఇద్దరూ తలసీమియా వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఆ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. దీన్ని ఒక రక్తపరీక్షతో ముందే తెలుసుకోవచ్చు. అబ్బాయి తాగుతాడా, కోపం ఎలాంటిది, అమ్మాయి ఇష్టం ఏమిటి అన్నవి అడిగితే తెలిసే సంగతులు.

బృహజ్జాతకం రాసిన వరాహమిహిరుడే బృహత్సంహితలో స్త్రీలను నిందించేవారిని నిలదీశాడు. స్త్రీలలో ఉన్నాయంటున్న ఏ తప్పు పురుషుల్లో లేదని అడిగాడు. జాతకం ముందు పెట్టుకుని ఒక అమ్మాయిని వద్దనేముందు ఆయన వేసిన ఈ రెండో ప్రశ్నను కూడా గుర్తు చేసుకోవడం న్యాయం.