ఒక ఇత్తడి డోలు – దాని కాలనిర్ణయము



శాసనములను, నాణెములను, తాళపత్రములను జూచి కాలమును నిర్ణయించుట మన పండితులకు పరిపాటి. పెండ్లి ఊరేగింపులో వాయించు బ్యాండు డోలునకు సైతము ఆ న్యాయమే వర్తించునని నేను అరువది యేండ్లు దాటిన పిమ్మట నేర్చుకొంటిని. అదియు ఒక తప్పు చేసి నేర్చుకొంటిని. ఆ తప్పును దాచక మీ యెదుట చెప్పుకొనుటకే ఈ ప్రసంగము.

పెద్దపల్లికి నాలుగు క్రోసుల దూరమున ఒక పల్లె కలదు. అక్కడ తాతలనాటి నుండి పెండ్లిండ్లకును జాతరలకును మేళము కట్టు కుటుంబమొకటి యున్నది. వారి యింట పాత ఇత్తడి డోలొకటి కలదు. వారుతో భుజమునకు తగిలించుకొని, రెండు పుల్లలతో వాయించుచు నడుచునట్టిది. దీనినే సైడు డ్రమ్మందురు. కొన్నియేండ్ల క్రిందట సెప్టెంబరు 17 నాటి జెండావందనమునకు ఆ మేళమును పిలిచిరి. 1948లో ఆ దినముననే నిజాము లొంగిపోయినందున మన ప్రాంతమున నాడు సభలు జరుగుట మీరెరిగినదే. ఒక యువకుడు డోలుపై హైదరాబాదు అను ఇంగ్లీషు అక్షరములను చూచి, ఇది రజాకార్లు ఊళ్లమీద పడినప్పుడు వాయించిన డోలనెను. పెద్దలు నావైపు చూచిరి. నేను కండ్లద్దములు సవరించుకొని, ఆ యొక్క మాట మాత్రము చదివి, "ఔను, నిజాము సేనదే" అంటిని. అంతకుమించి చూడనైతిని.

నా నోటి మాట ఊరంతయు ప్రాకెను. ఆ యేడు ఆ కుటుంబమునకు పెండ్లిపిలుపులు తగ్గెను. వారి తాత రజాకార్ల వెంట తిరిగెనని కొందరు కథలు కట్టిరి. ఒకనాటి ప్రొద్దున ఆ యింటి పెద్ద డోలును గోనెసంచిలో చుట్టుకొని నా అరుగుమీదికి వచ్చెను. "పంతులూ, గీ డోలు తూకానికి అమ్ముదమని ఎల్లిన. గని మా తాత సంగతి మట్టుకు ఎరుక జేసి చెప్పుండ్రి" అనెను. ఆ మాట నాకు ములుకువలె నాటుకొనెను. "కూసో తమ్మీ, ఈసారి సక్కగ చూస్త" అంటిని.

డోలును మొదట నిర్మాణముచేత పరీక్షించితిమి. ఒడలు ఇత్తడిరేకు. పైనను క్రిందను కొయ్యవలయములు. ఆ రెంటిని కలుపుచు మెలికలుగా పోయిన త్రాడు, త్రాటిపై జారునట్టి తోలుచెవులు. చెవులను క్రిందికి లాగిన చర్మము బిగియును. మన డోళ్లకును బిగింపు ఇట్టిదే గనుక అతనికి నేను చెప్పవలసిన పని లేకపోయెను. త్రాటికి బదులు మరలచీలలతో బిగించు పద్ధతికి 1837లోనే లండనులో కార్నీలియస్ వార్డు అనునతడు హక్కుపత్రము పొందెను. అట్లని త్రాటిడోలెల్ల అంతకు పూర్వపుదని తలపరాదు. సైనికులు అలంకారార్థము నేటికిని త్రాటిడోళ్లను వాడుచున్నారు. కావున త్రాడు మనకు కాలమును చెప్పదు.

తరువాత చర్మము. పైమూత ప్లాస్టిక్కుది. అట్టి మూతలు 1957 ప్రాంతమున అమెరికాలో అమ్మకమునకు వచ్చినవి. అయిన డోలు అంతకు తరువాతిదా? కాదు. గొడ్డలికి కామ మార్చినంతమాత్రమున గొడ్డలి క్రొత్తది కాదుగదా! మూతలు పగులును, మార్చుదురు. క్రిందిమూత మాత్రము చర్మమే. దానికి తగులునట్లు అడ్డముగా ప్రేగుతో పేనిన తంత్రులున్నవి. పైమూతపై దెబ్బపడగానే ఈ తంత్రులు అదరుటచేతనే సైడు డ్రమ్మునకు ఆ జర్రుమను ధ్వని కలుగును. తరువాతి కాలపు డోళ్లలో లోహపు తీగచుట్టలు హెచ్చుగా కనబడును. ప్రేగు పాతదనమును సూచించునే గాని ఋజువు చేయదు, ఏలయన తంత్రులును మార్చదగినవే.

ఇక మార్చుటకు వీలులేనిది ఒడలు. దానిమీది గుర్తులే అసలు సాక్షులు. ఇక్కడ నాకు మన కురిక్యాల శాసనము జ్ఞప్తికి వచ్చెను. గంగాధర చెంత బొమ్మలగుట్టపై జినవల్లభుడు చెక్కించిన ఆ శాసనమున వేములవాడ చాళుక్యరాజు అరికేసరి పేరును, పంపకవి పేరును ఉండుటచేతనే అది క్రీస్తుశకము పదియవ శతాబ్ది నడిమిభాగమునకు చెందినదని పండితులు తేల్చిరి. రాజు పేరు దొరికిన, ఆ రాజు ఏలిన యేండ్లు మనకు రెండువైపుల గట్లవలె నిలుచును. డోలుమీది గుర్తులను గూడ అట్లే చదువవలెను.

మొదటి గుర్తు కిరీటము. రంగు వెలసినను వంపులు తెలియుచుండెను. అవి నడుమ పైకి ఉబికియున్నవి. ఆంగ్లప్రభువుల సైనికచిహ్నములలో 1901 నుండి 1952 వరకు ఇట్టి కిరీటము చెల్లెను. 1953 నుండి ఎలిజబెత్తు రాణి కాలమున నడుమ లోనికి వంగిన కిరీటము వచ్చెను. ఆమె మరణానంతరము 2022లో ఉబికిన కిరీటమే మరల వచ్చినను, తాతలనాటి డోలునకు దానితో ప్రసక్తి లేదు. ఇంతకును నిజాము సొంత సేనకు ఆంగ్లచక్రవర్తి కిరీటమేల? మీ యిండ్లలో హాలీ సిక్కా నాణెములున్న తీసి చూడుడు. చార్మినారును, పారసీ లిపియు ఉండును గాని ఇంగ్లండు రాజు తల ఉండదు. ఈ యొక్క ఆలోచన ఆనాడు నాకు తోచియున్న ఆ సభలో నోరు జారియుండను.

రెండవ గుర్తు పేరు. హైదరాబాదు అను మాటకు ముందు 19 అను అంకెయు, వెనుక రెజిమెంటు అను మాటలోని సగమును మిగిలినవి. దీని చరిత్ర వినుడు. 1813లో హైదరాబాదు రెసిడెంటుగా నుండిన హెన్రీ రస్సెల్ పేర ఒక సేన ఏర్పడెను. అట్టి దళములే తరువాత హైదరాబాదు కంటింజెంటు అనబడినవి. వ్యయము నిజాముది, అధికారులు ఆంగ్లేయులు. జీతముల బాకీ పెరుగగా, దానికై 1853లో బేరారు సీమ ఆంగ్లేయుల చేతికి పోయెను. ఆ సేనకు ముఖ్యస్థానము సికిందరాబాదు చెంతనున్న బొల్లారము. 1902లో బేరారును గూర్చి క్రొత్త ఒడంబడిక జరిగెను. 1903లో ఆ సేన ప్రత్యేకత పోయి భారతసైన్యమున కలిసిపోయెను. దాని పదాతిదళములకు 94 మొదలు 99 వరకు అంకెలు వచ్చినవి. 1922 నాటి పునర్వ్యవస్థలో అవి చేరి పందొమ్మిదవ హైదరాబాదు రెజిమెంటు ఏర్పడెను. 1945 అక్టోబరు 27న దాని పేరు కుమావూను రెజిమెంటుగా మారెను. పేరున హైదరాబాదు ఉన్నను, 1903 తరువాత అది నిజాము సేన కాదు. రజాకార్లన్ననో అసలు సైన్యమే కాదు, ఖాసిం రజ్వీ నడిపిన స్వచ్ఛందదళము. ఈ మూడింటిని నేను ఒక్క మాటతో ముడివేసితిని.

మూడవ గుర్తు చేసినవారి ముద్ర. అడుగుఅంచు దగ్గర బూసీ అండ్ హాక్స్ అని సన్నని అక్షరములు దొరికినవి. లండనులో బూసీ వారు వేరు, హాక్స్ వారు వేరుగా నుండి, 1930లో ఏకమైరి. కావున జంటపేరుగల వస్తువు 1930కి పూర్వపుది కాజాలదు.

ఇప్పుడు మూడు సాక్ష్యములను ఒకదానిపై నొకటి పెట్టుడు. కిరీటము 1901–1952 అనును. పేరు 1922–1945 అనును. ముద్ర 1930 తరువాత అనును. మూడింటికి ఒప్పిన కాలము 1930 మొదలు 1945 వరకు. ఆ పదునైదేండ్లలో, ఆంగ్లేయుల పాలనలోని భారతసైన్యపు రెజిమెంటుకై తయారైన డోలిది.

ఈ మాట చెప్పగా అతడు కొంతసేపు మిన్నకుండి, "యుద్ధం ఒడిసినంక సికిందరాబాదుల పాత సామాను వేలమేస్తె మా తాత కొన్నడని మా నాయన అంటుండె" అనెను. 1945లో యుద్ధము ముగియుటయు, పేరు మారుటయు జరిగినవి. ఆ మాట సాక్ష్యములతో పొసగుచున్నది. "అయితే రజాకార్లు దీన్ని ముట్టనే లేదంటరా?" అని మరల అడిగెను. "ఎవరి చేతిల మోగిందో డోలు చెప్పదు తమ్మీ. గని మీ తాతమీద వేసిన నిందకు ఆధారం ఈ అక్షరాలే. అవి ఆ మాట అనుట లేదు. నింద వేసినోడే రుజువు చూపాలె" అంటిని.

ఆ రెజిమెంటును గూర్చి మరియొక సంగతి అతనికి చెప్పితిని. 1947 నవంబరు 3న కాశ్మీరములోని బద్గాము చెంత ప్రాణములర్పించి, ప్రథమ పరమవీరచక్రమునకు పాత్రుడైన మేజరు సోమనాథశర్మ 1942లో అధికారిగా చేరినది ఈ పందొమ్మిదవ హైదరాబాదు రెజిమెంటు ఎనిమిదవ పటాలముననే. అదే పటాలమును నడిపిన తిమ్మయ్య తరువాత 1957లో మన సైన్యమునకు అధిపతి యయ్యెను. అతడు డోలును మరల గోనెసంచిలో పెట్టలేదు. భుజమునకు తగిలించుకొనియే యింటికి పోయెను.

మరుసటి యేడు సెప్టెంబరు 17న అదే సభలో నేను లేచి, నిరుడు నేనన్నది తప్పని చెప్పితిని. నలుబది యేండ్లు పిల్లల తప్పులు దిద్దిన చేతికి తన తప్పు దిద్దుకొనుట సులభము కాలేదు. ఆనాడు జెండా ముందు ఆ డోలే మ్రోగెను.

పెద్దలారా, మీ యూళ్లలో ఇట్టి వస్తువులుండవచ్చును. కొన్ని మనవులు వినుడు. దసరానాడు ఆయుధపూజకని పాత ఇత్తడిని చింతపండుతో తోమకుడు. మా డోలుమీది అక్షరములు సగము అట్లు పోయినవే. మార్చిన చర్మమును, తంత్రులను పారవేయక కట్టి దాచుడు. ఒడలుమీది ప్రతి గుర్తును, ఎంత చిన్నదైనను, వ్రాసికొనుడు. మార్చదగిన భాగములను వేరు, మార్చలేని భాగములను వేరు ఎంచుడు. మన దేశమున బ్యాండు వాద్యములు మీరటు పట్టణమున హెచ్చుగా తయారగును గనుక, ప్రతి పాతడోలును సీమసరకనుకొనకుడు. ఇంటివారి మాటను త్రోసివేయకుడు, పరీక్షింపక నమ్మనువద్దు. అన్నింటికి మించి, ఒక మాట చదివి తీర్పు చెప్పకుడు. డోలు తప్పుగా మ్రోగిన మరల బిగించుకొనవచ్చును. పెద్దమనిషి నోరు తప్పుగా మ్రోగిన ఒక యింటి పరువు పోవును.

సెలవు.